కాలేజీ వాలీబాల్ కోచ్‌కి ఒక పోస్టు, ఎదిగే దారి కావాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో అమ్మాయిలకు వాలీబాల్ నేర్పుతున్నాను. పిల్లలు కోచ్ సార్ అంటారు. కాలేజీ రికార్డుల్లో మాత్రం నేను గెస్ట్‌నే, అంటే ఏటా తాత్కాలికంగా తీసుకునేవాణ్నే, ఎందుకంటే మన డిగ్రీ కాలేజీల్లో ఉన్నది అన్ని ఆటలూ చూసే ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) పోస్టు. ఫలానా ఆటకు కోచ్ అనే పోస్టు లేదు.

యూనివర్సిటీకి ఆడిన కుర్రాడు కోచ్ కావాలనుకుంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) వైపు చూస్తాడు. 1961 నుంచి దేశానికి కోచ్‌లను తయారుచేస్తున్న సంస్థ అది. ఇంట్లో అప్పు చేసి అక్కడ డిప్లొమా చదివి వస్తాడు. తీరా కాలేజీలో శాశ్వత ఉద్యోగం అడిగితే, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వ్యాయామ విద్యలో పీజీ, దాని మీద నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష, కాదంటే పీహెచ్‌డీ కావాలంటారు. అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ (బీపీఈడీ) రెండేళ్లు, పీజీ (ఎంపీఈడీ) రెండేళ్లు మళ్లీ చదవాలి. పటియాలా డిప్లొమా వాటికి బదులు కాదు. మరోవైపు పీడీ సార్ ఒక్కరే కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్, ఆగస్టు 15 పరేడ్ అన్నీ చూసుకోవాలి. ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం.

సార్, ఒక సెట్టర్‌ని, అంటే స్మాష్ కొట్టే స్పైకర్‌కి బాల్ ఎత్తి అందించే ప్లేయర్‌ని, తయారుచేయడం ఎంత నెమ్మదైన పనో మీకు చెప్పాలి. బాల్ నుదుటి మీదకి దిగేసరికి ఆ అమ్మాయి పాదాలు దాని కింద కుదురుకుని ఉండాలి. రెండు చేతులూ ఒకేసారి తగలాలి. కాస్త ముందూ వెనకా అయితే డబుల్ టచ్ అని రిఫరీ విజిల్ వేస్తాడు. అమ్మాయిలకు నెట్ ఎత్తు 2.24 మీటర్లు. దాని పైన స్పైకర్‌కి అందేచోట బాల్ పెట్టాలి. అదీ నెట్ దగ్గర అడ్డుకునే ఎదుటి బ్లాకర్‌కి ముందే తెలిసిపోకుండా! గోడకు కొట్టించడంతో మొదలుపెడితే, మ్యాచ్‌లో నమ్మదగిన సెట్టర్ కావడానికి రెండేళ్లు పడుతుంది. జంప్ పెరిగేది, భుజం బలపడేది టోర్నమెంట్లు లేని వేసవిలోనే. సరిగ్గా అప్పుడే మా గెస్ట్ గడువు అయిపోతుంది. అడ్మిషన్లు అయ్యాక మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఇస్తారో లేదోనన్న టెన్షన్. ఈలోగా పిల్లలు వాళ్లకు తోచినట్టు ఆడుకుని, వదిలించిన తప్పులన్నీ మళ్లీ అలవాటు చేసుకుంటారు.

మన తెలుగువాడు అరికపూడి రమణారావు గారు 1990లోనే వాలీబాల్‌లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత పురుషుల జట్టుకు ఆ క్రీడల్లో మళ్లీ పతకం రాలేదు. 2022లో హైదరాబాద్‌లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదలయ్యాక ఆటగాళ్లకు ఒక దారి కనిపిస్తోంది. కానీ వాళ్లను ఆ లీగ్ దాకా తీసుకెళ్లాల్సిన కాలేజీ కోచ్ ఇరవై ఏళ్లు పనిచేసినా గెస్ట్‌గానే మిగులుతున్నాడు.

ప్రతి కాలేజీకీ కోచ్‌ని అడగడం లేదు. దగ్గర దగ్గర కాలేజీలు నాలుగైదింటికి కలిపి ఒక వాలీబాల్ కోచ్ పోస్టు మంజూరు చేయండి. ఎన్‌ఐఎస్ డిప్లొమానే దానికి అర్హతగా పెట్టండి. గెస్ట్‌గా చేసిన ఏళ్లకు వెయిటేజీ ఇవ్వండి. అసిస్టెంట్ కోచ్, కోచ్, యూనివర్సిటీ చీఫ్ కోచ్ అని ప్రమోషన్లు ఉండాలి. ఇవన్నీ ఒక్క ఏడాదిలో అయ్యేవి కావని నాకూ తెలుసు. ముందుగా ఇప్పుడున్న గెస్ట్ కోచ్‌లకు పన్నెండు నెలల జీతం వచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే వేసవిలో సెలవులు ఇచ్చిన మర్నాడే మేం గ్రౌండ్‌లో నెట్ కడతాం.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ వాలీబాల్ కోచ్