రాత్రి మూడు గంటలప్పుడు కరెంటు ఎక్కడి నుంచి వస్తది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం. రెండు చెరువు గుంటలు కలిపి నాలుగెకరాల్లో వెనామీ రొయ్య వేస్తాను. క్లీన్ ఎనర్జీ మీద ప్రపంచం ఎంత డబ్బు పెడతా ఉందో పేపర్లలో వరసగా వార్తలు వస్తా ఉండాయి, అన్నీ చదువుతున్నా, సంతోషమే, కానీ ఒక్కదాంట్లో కూడా రాత్రి సంగతి రాలా. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, దయచేసి కోయకుండా వేయండి.

రొయ్యల గురించి తెలియని వాళ్ళకోసం ముందు ఒక మాట చెప్పాలి. పగలు ఎండ ఉన్నంతసేపు గుంటలో ఉండే ప్లాంక్టన్, అంటే కంటికి కనపడనంత సన్న నాచు, నీళ్ళలోకి ఆక్సిజన్ వదులుతా ఉంటది, పొద్దు గూకినాక అది కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ పీల్చుకునేదే, దాంతో రాత్రి గడిచేకొద్దీ డీఓ, అంటే నీళ్ళలో కరిగుండే ఆక్సిజన్, పడిపోతా పోతా తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్య అడుగంటిపోతది. ఆ టైమ్‌లో నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే ఇంక చేసేదేం లేదు. రెండేళ్ళ కిందట వేసవిలో నాకు అట్టే జరిగింది, మూడున్నరకి లైన్ పోయింది, జనరేటర్ ఎంత కొట్టినా స్టార్ట్ కాలా, మెకానిక్కుని నిద్ర లేపి తీసుకొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది, టార్చి వేసి చూస్తే గట్టు పొడుగునా రొయ్యలు పైకి తేలి ఉండాయి. 50 కౌంటులో, అంటే కిలోకి యాభై తూగే సైజులో ఉన్నాయి అప్పటికి, ఇంకో పది రోజులుంటే పట్టుబడి. ఒక గుంట మొత్తం పోయింది, ఆ అప్పు ఇంకా తీరలా.

నేను అప్పటినుంచి ఆలోచిస్తా ఉండేది ఏందంటే, గుంటలో ఆక్సిజన్‌కీ సోలార్ ప్యానెల్‌లో కరెంటుకీ ఆధారం ఒకటే, ఎండ. రెండూ పొద్దు గూకినాక ఆగిపోతాయి. మాకు కరెంటు ఎక్కువ కావాల్సింది సరిగ్గా అప్పుడే.

ఇప్పుడు ప్రపంచం లెక్కలకి వస్తా. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం ఆ ఏడాది ఎనర్జీ మీద మొత్తం పెట్టుబడి 3.3 లక్షల కోట్ల డాలర్లు, అందులో 2.2 లక్షల కోట్లు క్లీన్ వైపు, 1.1 లక్షల కోట్లు బొగ్గు, చమురు, గ్యాస్ వైపు. అంటే మూడు డాలర్లు పెడితే రెండు ఇటే వస్తా ఉండాయి, ఒక్క సోలార్‌కే దాదాపు 45 వేల కోట్ల డాలర్లు. ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో 2010 ప్రాంతంలో సోలార్ కరెంటు యూనిట్ 10 రూపాయల పైన పడేది, 2017లో రాజస్థాన్ భడ్లాలో 2.44కి టెండర్ వేశారు, 2020 చివర్లో గుజరాత్‌లో 1.99కి దిగింది. పదేళ్ళలో ఐదో వంతుకి పడిపోయింది.

మరి ఇంత డబ్బు ఇటు వస్తా ఉంటే పొగ తగ్గాల గదా? తగ్గలా. ఎనర్జీ వల్ల గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్ 2023లో 37.4 బిలియన్ టన్నులు, 2024లో 37.8 బిలియన్ టన్నులకి పెరిగి కొత్త రికార్డు అయింది. బొగ్గు వాడకం కూడా 2024లో రికార్డే. నాకు అర్థమైంది ఏందంటే కొత్తది వచ్చి పాతదాని పక్కన కూర్చుంటా ఉంది గానీ పాతదాన్ని లేపటంలా, ఎందుకంటే కరెంటు వాడకమే అంతకంటే వేగంగా పెరుగుతా ఉంది, ఇంకా పెరగాలి కూడా, మన దేశంలో మనిషికి పడే పొగ ఏడాదికి రెండు టన్నులైతే అమెరికాలో దాదాపు పద్నాలుగు, కాబట్టి తగ్గించుకోమని మనల్ని మాత్రమే అడిగితే నేను ఒప్పుకోను.

మా మండలంలో నిలబడితే ఇదంతా కళ్ళకి కనపడతది. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ ప్లాంట్ ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు మూడు, మూడోదాన్ని అప్పటి ముఖ్యమంత్రి వచ్చి జాతికి అంకితం చేసింది 2022 అక్టోబర్‌లో, అంటే ప్రపంచమంతా సోలార్ సోలార్ అనుకుంటా ఉన్న రోజుల్లోనే. దాని చుట్టుపక్కల ప్రైవేటు ప్లాంట్లు వేరే ఉండాయి. కృష్ణపట్నం పోర్టులో బొగ్గు దిగతా ఉంటది, బూడిద లారీలు తిరుగుతా ఉంటాయి, మా ఊళ్ళో వేసవి గాలికి ఆరేసిన బట్టల మీద బూడిద పడతది. పైన రామాయపట్నం దగ్గర దాదాపు లక్ష కోట్ల రిఫైనరీ అంటా ఉండారు. అదే ఒడ్డున ఉలవపాడు దగ్గర కరేడులో సోలార్ ప్యానెళ్ళ ఫ్యాక్టరీకి వేల ఎకరాలు తీసుకుంటామని 2025లో నోటీసులిస్తే రైతులు రోడ్డెక్కారు. సోలార్ అనే మాట ముందు పెట్టినంత మాత్రాన పంట పండే భూమి తీసుకోవడం న్యాయం అయిపోదు, నేను వాళ్ళ పక్కే.

థర్మల్ ప్లాంట్లు రేపే మూసేయమని నేను అనటంలా. మూసేస్తే ముందు పోయేది నా గుంటే. మన దేశంలో 2025 మధ్యకల్లా కరెంటు పుట్టించే కెపాసిటీలో సగం బొగ్గు గ్యాస్ కాని వాటిదే అయింది, 2030కి పెట్టుకున్న టార్గెట్ ఐదేళ్ళు ముందే దాటేశారు, ఇది గర్వంగా చెప్పుకోవాల్సిందే. కానీ కెపాసిటీ వేరు, తయారయ్యే యూనిట్లు వేరు. ఇప్పటికీ నూటికి 70 యూనిట్ల దాకా బొగ్గు నుంచే వస్తా ఉండాయి, నేను వాడే యూనిట్లన్నీ దాదాపు రాత్రివే కాబట్టి నా కరెంటులో బొగ్గు వాటా ఇంకా ఎక్కువ. లెక్క వేసుకున్నా, నాకు 2 హెచ్‌పీ ఏరియేటర్లు ఎనిమిది, అంటే ఇంచుమించు 12 కిలోవాట్లు, రాత్రి పది గంటలు తిప్పితే 120 యూనిట్లు. బొగ్గు కరెంటుకి యూనిట్‌కి దగ్గర దగ్గర కిలో కార్బన్ డయాక్సైడ్, అంటే రోజూ రాత్రి వంద కిలోల దాకా నా పేరు మీద గాల్లోకి పోతా ఉంది. ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది, కానీ నా చేతిలో వేరే దారి లేదు. వరి రైతుకి పగలు 9 గంటలు సప్లై ఇస్తారు, ఆ మోటార్లకి సోలార్ సరిగ్గా సరిపోతది. మా ఏరియేటర్‌కి సరిపోదు.

దీనికి మందు లేకపోలేదు. బ్యాటరీ ప్యాక్ ధర 2010లో ఒక యూనిట్ కరెంటు దాచుకోడానికి 1,000 డాలర్ల పైన ఉండేది, 2024లో సగటున 115 డాలర్లకి వచ్చింది. ఆ రేటున నా 120 యూనిట్లూ దాచాలంటే ప్యాక్ ఒక్కటే 12 లక్షల దాకా అవుతది, ఇన్వర్టర్, షెడ్డు వేరే, నాలాంటోడి వల్ల కాదు. కానీ ప్రమాదం ఉండేది ఆ చివరి రెండు గంటల్లోనే, దానికి 24 యూనిట్లు చాలు, రెండున్నర లక్షల లోపు. ఇదే బ్యాటరీ ఒక్కొక్క రైతు గట్టు మీద కాకుండా ఆక్వా ఫీడర్లు, అంటే గుంటలకి కరెంటు తెచ్చే లైన్లు, ఎక్కువున్న సబ్‌స్టేషన్లో పెద్దది పెడితే ఇంకా చవక, పగలు మిగిలే సోలార్ అందులో ఎక్కించుకోని రాత్రి రెండు దాటినాక మా ఫీడర్లకి వదలొచ్చు. పెద్ద ఎత్తున అయితే నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ఉండనే ఉంది, కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పై రిజర్వాయర్‌కి ఎక్కిస్తారు, అవసరమైనప్పుడు కిందకి వదిలి టర్బైన్ తిప్పుతారు.

నా బాధంతా ఇక్కడే. పైన చెప్పిన అంతర్జాతీయ ఇంధన సంస్థ రిపోర్ట్‌లోనే ఇంకో లెక్క ఉంది, కరెంటు పుట్టించే ప్లాంట్ల మీద ప్రపంచం ఏడాదికి లక్ష కోట్ల డాలర్లు పెడతా ఉంటే వైర్లు, సబ్‌స్టేషన్ల మీద 40 వేల కోట్ల డాలర్లే పెడతా ఉందంట. సగం కూడా లేదు. ప్యానెల్ పెడితే ఫోటో దిగొచ్చు, పాత ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన ఫోటో పేపర్లో నేనెప్పుడూ చూడలా. మన రాష్ట్రం 2024లో తెచ్చిన ఇంటిగ్రేటెడ్ క్లీన్ ఎనర్జీ పాలసీలో 160 గిగావాట్లు, 10 లక్షల కోట్ల పెట్టుబడులు అని పెద్ద టార్గెట్లు పెట్టుకున్నారు, మంచిదే, అందులో సముద్రం ఒడ్డున ఉన్న 33 కేవీ సబ్‌స్టేషన్లకి ఎంత వస్తది అనేది నాకు కావాల్సిన సంగతి. ఉప్పు గాలికి మా దగ్గర కండక్టర్లు, ఇన్సులేటర్లు తొందరగా పోతాయి, లైన్లు పాతవి, ఎంత క్లీన్ కరెంటు పుట్టించినా మా స్తంభం దాకా రాకపోతే మేం మళ్ళీ డీజిలే పోసుకోవాల.

ఆ డీజిల్ సంగతి కూడా చెప్తా. లైన్ పోయినప్పుడు నా జనరేటర్ గంటకి మూడున్నర లీటర్లు తాగుతది, యూనిట్ లెక్కన 28 రూపాయల దాకా పడతది, లీటర్‌కి రెండున్నర కిలోల పైన పొగ. ఆక్వా జోన్‌లో ప్రభుత్వం మాకు యూనిట్ 1.50కి ఇస్తా ఉంది, మిగతాది కరెంటు పంచే కంపెనీకి, అదే డిస్కంకి, తనే కడతా ఉంది, దానికి మేం రుణపడే ఉంటాం. ఏటా అట్టా కట్టే సబ్సిడీలో కొంత భాగం ఒక్కసారి బ్యాటరీల మీద పెడితే, ఇప్పుడు ధర పడిపోతా ఉన్న టైమ్‌లో, ముందు ముందు ప్రభుత్వానికే భారం తగ్గతది గదా అని నాకు అనిపిస్తది. థర్మల్ ప్లాంట్లని అవసరం లేనప్పుడు కెపాసిటీలో 55 శాతానికి దించి నడపాలని 2023లోనే కేంద్ర విద్యుత్ అథారిటీ రూల్ పెట్టింది, తర్వాత 40కి కూడా దించాలంట. పగలు దించుతారు సరే, రాత్రి పూట దించాలంటే మాత్రం ఈ బ్యాటరీలు, ఈ పంప్డ్ స్టోరేజిలు రావాల్సిందే.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఒకటే. ఏ ఫీడర్‌కి ఏ టైమ్‌లో సప్లై ఆగిందో డిస్కం దగ్గర లెక్క ఉంటది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆక్వా ఫీడర్ల వారీగా రాత్రి పది నుంచి తెల్లారి ఐదు దాకా పోయినేడు ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందో అడిగి తీసుకోని జిల్లా పేజీలో వేయండి. ఏప్రిల్, మే నెలల్లో పంట మీద ఉన్నప్పుడు మీ రిపోర్టర్‌ని ఒక రాత్రి మా గట్టు మీదకి పంపించండి, రెండింటికి వస్తే చాలు, ఐదు దాకా నేను మేలుకోనే ఉంటాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ముత్తుకూరు మండలం, నెల్లూరు జిల్లా