యుద్ధంలోనూ టీబీ మాత్ర ఆగకూడదు

సంపాదకులకు,

ఉక్రెయిన్‌పై 2022 ఫిబ్రవరి 24న దాడి మొదలైనప్పటి నుంచి క్షిపణుల లెక్కలు చదువుతూనే ఉన్నాం. మందులకు లొంగని టీబీ ఎక్కువగా ఉన్న దేశాల్లో ఉక్రెయిన్ ఒకటన్న సంగతి మాత్రం మరుగున పడిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆ జాబితాలో మన దేశమూ ఉంది.

శరణార్థి శిబిరాలకు ఒక నియమం ఉంది. పది వేల మందిలో రోజుకు ఒకరికి మించి చనిపోతున్నంత కాలం అక్కడ కొత్తగా టీబీ కార్యక్రమం మొదలుపెట్టకూడదు. ఇది సరైన నియమమే. ఆ దశలో ముందు ప్రాణాలు తీసేవి తట్టు, విరేచనాలు. కాబట్టి 6 నెలల నుంచి 15 ఏళ్ల దాకా పిల్లలందరికీ తట్టు టీకా వేయాలి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికో మరుగుదొడ్డి చూడాలి. 9 నెలలు నిండకముందు వేసిన తట్టు టీకా లెక్కలోకి రాదు, ఆ పిల్లలకు మళ్లీ వేయాల్సిందే. హడావిడిలో తరచూ తప్పిపోయేది వీళ్లే.

అయితే ఈ నియమాన్ని అడ్డం పెట్టుకుని, అప్పటికే మందులు వాడుతున్నవారిని గాలికొదిలేయడం ఘోరం. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు వాడాలి. రెండో నెలకల్లా దగ్గు, జ్వరం తగ్గిపోతాయి గానీ క్రిములు ఇంకా మిగిలే ఉంటాయి. అప్పుడు ఊరు వదలాల్సి వస్తే రోగి మందులు మానేస్తాడు, లేదా చేతికి దొరికిన ఒకటి రెండు రకాలే మింగుతాడు. రెండోది మరీ ప్రమాదం, మందులకు లొంగని మొండి టీబీ అలాగే పుడుతుంది. మొండి టీబీకి ఇప్పుడున్న ఆరు నెలల చికిత్సలో లినెజొలిడ్ అనే మందు ఉంటుంది. దానివల్ల రక్తం తగ్గడం, అరికాళ్లలో మంటలు రావచ్చు. రక్తపరీక్ష చేసి, అవసరమైతే మోతాదు సరిచేసేవారు లేకపోతే రోగి తనంతట తానే అన్నీ ఆపేస్తాడు.

అందుకే దాడి మొదలైనప్పుడు ఉక్రెయిన్ వైద్యులు రోగులకు చాలా రోజులకు సరిపడా మందులు ముందే చేతికిచ్చి పంపారు. మాత్ర మింగడాన్ని ఫోన్ వీడియోలో చూసే పద్ధతి వారికి బాగా అక్కరకొచ్చింది. చిక్కంతా కరెంటుతోనే. జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల్లోపే టీబీ ఉందో లేదో, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఆ కార్ట్రిడ్జ్ వృథా. యూపీఎస్ లేకుండా యంత్రం మాత్రమే పంపితే ఉపయోగం ఉండదు. దాడులప్పుడు తలదాచుకునే నేలమాళిగల్లో గాలి ఆడదు కాబట్టి దగ్గేవారిని గాలి బయటికి పోయే దారి పక్కన ఉంచాలి, మాస్కు ఇవ్వాలి, తెమడ ఆరుబయటే తీయించాలి. సరైన మందు పడ్డాక అంటించే గుణం త్వరగానే తగ్గుతుంది, వెలివేయాల్సిన పని లేదు.

మన దగ్గర కూడా 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి గొత్తికోయ ఆదివాసీలు భద్రాద్రి, ములుగు అడవులకు తరలివచ్చారు. వారిలో టీబీ రోగులకు ఆధార్ అడగకుండానే ప్రభుత్వ టీబీ రోగుల పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేయాలి. మందుల పేర్లు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాసిన కార్డు, నెలకు సరిపడా అదనపు మాత్రలు చేతికివ్వాలి. 2024 మార్చిలో మందుల కొరత వచ్చి, రాష్ట్రాలే స్థానికంగా కొనుక్కోవాలని కేంద్రం చెప్పాల్సి వచ్చింది. ఈ అదనపు నిల్వను జిల్లా టీబీ అధికారి ముందుగానే ఇండెంట్‌లో (మందులు కావాలని పంపే పత్రంలో) చూపాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాం.

— ప్రజారోగ్య వైద్యులు, ఖమ్మం