మేనేజరు గది తలుపు మూసుకున్నాక

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటినా జవాబు రాయనందుకు మన్నించు. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, పిల్లల పరీక్షలు అయిపోయాయి. రాత్రి చూసిన సినిమా సంగతి నీకు చెప్పేదాకా నా మనసు కుదుటపడదు.

దాని పేరు ‘క్యాష్ ఆన్ డిమాండ్’. డ్రాక్యులా చిత్రాలకు పేరుపడ్డ హ్యామర్ సంస్థ, ఒక టెలివిజన్ నాటకాన్ని తీసుకుని, 1961లో అతి తక్కువ ఖర్చుతో నలుపు తెలుపుల్లో తీసింది. బ్రిటన్‌లో మాత్రం 1963లో గానీ విడుదల కాలేదట! కథంతా దాదాపు ఒక్క బ్యాంకు లోపలే, క్రిస్మస్ ముందు, బయట మంచు కురుస్తుండగా జరుగుతుంది.

పీటర్ కుషింగ్ వేసిన మేనేజరు ఫోర్డైస్‌ను చూడగానే మన ఆఫీసులోని ‘సంతకం సారు’ కళ్ళముందు నిలిచారు. అదే బిగువు, అదే చూపు. పియర్సన్ అనే పెద్ద గుమాస్తా చేసిన చిన్న పొరపాటుకు ఉద్యోగమే ఊడబెరుకుతానని బెదిరిస్తాడు. (ఆ రోజు నీ చేతిలో వణికిన ఓచరు నేను మరిచిపోలేదు.) అంతలో బీమా కంపెనీ అధికారినంటూ ఆండ్రే మొరెల్ వచ్చి, తలుపు మూసుకున్నాక, నీ భార్యాబిడ్డలు మా చేతిలో ఉన్నారని చల్లగా చెబుతాడు. ఫోనులో భార్య గొంతు వినబడుతుంది. ఆ క్షణంలో కుషింగ్ ముఖం చూడాలి నువ్వు! చెమట పట్టి, పెదవులు ఆరిపోయి, నిలువునా కరిగిపోతాడు. దొంగ గొంతు మాత్రం ఒక్కసారి కూడా తొణకదు. 93 వేల పౌండ్లు పెట్టెల్లో సర్దుకుంటూనే, మనుషులతో ఎలా మెలగాలో ఆ మేనేజరుకు బుద్ధి చెబుతుంటాడు.

అసలు నన్ను కుదిపింది ఆ తర్వాతి ఘట్టం. పియర్సన్‌కు అనుమానం వచ్చి బీమా కంపెనీకి ఫోను చేసి నిజం తెలుసుకుంటాడు. పొద్దున తాను ఎవరి అన్నం గిన్నె లాక్కోబోయాడో ఆ గుమాస్తా ముందే, నా వాళ్ళ ప్రాణాలు కాపాడమని ఫోర్డైస్ ప్రాధేయపడతాడు. పియర్సన్‌గా రిచర్డ్ వెర్నన్ ముఖంలో కక్ష లేదు, గెలుపు లేదు, ఎదుటివాడు తొలిసారి మనిషిలా కనబడిన ఆశ్చర్యం మాత్రమే ఉంది. అక్కడ నాకు కన్నీళ్ళు ఆగలేదు. మన సారు కూడా ఎప్పుడైనా, ఎవరి ముందైనా అలా...

ఫోనులోని ఆ గొంతు సంగతి నీకు చెప్పను, చూసి తెలుసుకో. తపాలా డబ్బా తెరిచే వేళయింది, పిల్లవాడు కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

నీ
మిత్రుడు