ముందు ర్యాకు ఇకపై కథలకే: మా అద్దె పుస్తకాల షాపు పాఠకులకు కొన్ని సంగతులు

పాఠక మిత్రులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలోని మా అద్దె పుస్తకాల షాపులో ఈ వేసవి సెలవుల నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాము. గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద ర్యాకులో ఇంతవరకు వ్యక్తిత్వ వికాసం, పోటీ పరీక్షలు, ఆరోగ్యం, జ్యోతిషం పుస్తకాలు ఉండేవి. వాటన్నిటినీ లోపలి గదిలోకి మార్చి, ఆ ర్యాకు మొత్తాన్ని పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళ లోపు వారు ఇష్టంగా చదువుకోగల నవలలకూ, కథలకూ కేటాయించాము. అద్దె, డిపాజిట్ పద్ధతులు కూడా కొంత మారాయి. ఆ వివరాలు తరువాత రాశాను. ముందుగా ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, ఆ ర్యాకులో ఏ పుస్తకాలు పెట్టామో మీకు చెప్పాలి.

లెక్క దాచకుండా చెబుతాను. లోపలికి మార్చిన పుస్తకాలే ఇంతకాలం మాకు ఎక్కువ అద్దె తెచ్చాయి. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, ఏదైనా పనికొచ్చే పుస్తకం ఇవ్వమని అడిగి, వాటిలో ఒకటి తీసుకుని వెళ్తారు. గడువు రోజున ఆ పుస్తకం పేజీ మడత కూడా పడకుండా తిరిగి వస్తుంది, ఆ పిల్లవాడు మాత్రం మళ్ళీ రాడు. కథల పుస్తకం పట్టుకెళ్ళిన పిల్లలు అలా కాదు. గడువుకు ముందే వచ్చి, ఇదే రచయితది ఇంకొకటి ఉందా అని అడుగుతారు. అద్దె షాపు బతికేది ఆ రెండో పుస్తకం మీదే. ఒక మనిషి జీవితకాలపు పాఠకుడు కావడం కూడా ఆ రెండో పుస్తకంతోనే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ మార్పు వలన కొన్ని నెలల పాటు ఆదాయం తగ్గవచ్చునని తెలిసే ఈ పని చేస్తున్నాము.

తెలుగులో బాలసాహిత్యం ఒక గట్టునా, పెద్దల నవల మరో గట్టునా ఉన్నాయి. నడుమ వయసు వారి కోసమే రాసిన పుస్తకాలు తక్కువ. అయినా ఒకనాటి పిల్లలు ఆ దూరాన్ని సునాయాసంగా దాటారు. 1947 జూలైలో మొదలైన చందమామ చదివి పెరిగిన పిల్లలు అక్కడి నుంచి నేరుగా కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ దగ్గరకూ, మధుబాబు గారి గూఢచారి షాడో దగ్గరకూ, యద్దనపూడి సులోచనారాణి గారి నవలల దగ్గరకూ వెళ్ళారు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళను కత్తిరించి, కుట్టించి, అట్టలు వేయించి ఇల్లిల్లూ తిప్పిన కాలం అది. సాహిత్య విమర్శకులు వీటిని కాలక్షేపం నవలలని పక్కన పెట్టారు గానీ, నాకు తెలిసిన మంచి పాఠకుల్లో చాలామందికి చదివే అలవాటు అబ్బింది వీటివల్లనే. అందుకే ముందు ర్యాకును నింపేటప్పుడు ఆ పుస్తకాలను సగర్వంగా పై వరుసల్లోనే పెట్టాము.

పన్నెండు, పదమూడేళ్ళ వారికి నేను మొట్టమొదట చేతికిచ్చేవి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ నవలలు. 1954లో చందమామలో మొదలైన 'తోకచుక్క' మొదలుకొని 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం' వరకు ఆయన దశాబ్దాల పాటు రాసిన జానపద సాహసగాథలు ఇవి. నెలకొక భాగంగా రాసినవి కనుక ప్రతి భాగమూ ఒక ఆపద అంచున ఆగుతుంది. ఆ అంచున పుస్తకం మూసి నిద్రపోయిన పిల్లవాడిని నేను ఇంతవరకు చూడలేదు. వాక్యం చిన్నది, వర్ణన పొదుపైనది. చందమామ చిత్రకారుడు చిత్రా గారి బొమ్మలు ఉన్న పుటల్లో మాంత్రికుడి గుహ, మొసలి ముఖం గల మనుషులు, కూలిన కోటలు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. తెలుగు చదవడం కూడబలుక్కునే స్థితిలో ఉన్న పిల్లలు కూడా తరువాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంతో వేగం పుంజుకోవడం మా షాపులోని బల్ల మీద కూర్చుని చదివే పిల్లల్లో చూస్తున్నాను. ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లల తల్లిదండ్రులకు నేను చేసే మొదటి సూచన ఇదే.

ఆ తరువాతి మెట్టు నండూరి రామమోహనరావు గారి అనువాదాలు. మార్క్ ట్వేన్ నవలలను 'టామ్ సాయర్', 'హకిల్‌బెరి ఫిన్', 'రాజూ-పేదా' పేర్లతోనూ, స్టీవెన్సన్ నవలను 'కాంచన ద్వీపం'గానూ ఆయన తెలుగు చేశారు. మిసిసిపీ నదీతీరంలో అల్లరి చేసే కుర్రవాడు మన గోదావరి గట్టు మీది కుర్రవాడిలాగే మాట్లాడతాడు; అయినా ఊరు, నది, కాలం అమెరికావిగానే ఉంటాయి. ఆ పొందిక సాధించడం ఎంత కష్టమో అనువాదాలు చదివేవారికి తెలుసు. వీటికి బాపు గారి బొమ్మలు అదనపు ఆకర్షణ. మరో అనువాదం 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ రాసిన ఈ పుస్తకాన్ని సహవాసి గారు తెలుగులోకి తెచ్చారు. ఆఫ్రికా నుంచి బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే కథలో కొరడా దెబ్బలు, అవమానాలు ఉన్న ఘట్టాలు తీవ్రంగా ఉంటాయి కనుక పదిహేనేళ్ళు దాటిన వారికే ఇస్తున్నాము. జపాను రచయిత్రి తెత్సుకో కురొయానాగి తన బడి రోజుల గురించి రాసిన 'రైలుబడి' నవల కాకపోయినా అదే ర్యాకులో ఉంటుంది, ఎందుకంటే దాన్ని చదివిన పిల్లలు నవల చదివినంత ఆనందంగా తిరిగి ఇస్తున్నారు.

యండమూరి వీరేంద్రనాథ్ గారి నవలల విషయంలో నన్ను చాలామంది సలహా అడుగుతారు కనుక కాస్త వివరంగా రాస్తాను. కాలేజీ వయసు వారికి మొదట 'వెన్నెల్లో ఆడపిల్ల' ఇస్తాను. చదరంగం క్రీడాకారుడైన రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోను చేస్తుంది. ఆమె గొంతు తప్ప ఏదీ తెలియదు. ఆమె ఇచ్చే ఆధారాలతో ఆమె ఎవరో అతడు కనుక్కోవాలి. ల్యాండ్‌లైన్ ఫోనుల కాలపు కథ అయినా చేతిలో సెల్‌ఫోనుతో పుట్టిన తరం కూడా దీన్ని ఏకబిగిన ముగిస్తున్నది. ముగింపు ఎవరికీ ముందుగా చెప్పవద్దని తీసుకెళ్ళే ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను. 'తులసిదళం' సంగతి వేరు. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చదివిన ఈ నవలలో ఒక చిన్నపిల్ల మీద జరిగే చేతబడి ప్రధాన విషయం. ఉత్కంఠ కల్పించడంలో దానికి సాటి రాగల తెలుగు నవలలు అరుదు. కానీ అందులోని క్షుద్ర ప్రయోగాల వర్ణనలు లేత వయసు వారిని కలవరపెట్టగలవు కనుక దాన్ని ముందు ర్యాకులో పెట్టలేదు. పద్దెనిమిది నిండిన వారు అడిగితే లోపలి నుంచి తెచ్చి ఇస్తాము. 'అభిలాష' మాత్రం ముందు ర్యాకులోనే ఉంది. ఉరిశిక్షను రద్దు చేయించాలని ఒక యువ న్యాయవాది తన ప్రాణాన్నే పణంగా పెట్టే ఆ కథ చదివిన పిల్లలు షాపులోనే వాదనకు దిగుతున్నారు, అది నాకెంతో సంతోషంగా ఉంటుంది.

యద్దనపూడి గారి నవలల్లో 'సెక్రటరీ', 'మీనా' రెండింటినీ రెండేసి ప్రతులు తెప్పించాము. వీటిని నేటి అమ్మాయిలకు ఇచ్చేటప్పుడు ఒక మాట నిజాయితీగా చెబుతాను: 'సెక్రటరీ'లో రాజశేఖరం అహంకారం, అతడి ఐశ్వర్యం చుట్టూ అల్లిన మెరుపు ఈనాటి చూపుకు ఇబ్బందిగా తోచవచ్చు. అయినా ఉద్యోగం చేసుకుంటూ తన ఆత్మాభిమానాన్ని వదులుకోని జయంతి ఇప్పటికీ పాతబడలేదు. ఇష్టపడుతూనే విభేదించడం కూడా చదువరికి దక్కే ఆనందమే. 'మీనా' అంతకన్నా హాయిగా సాగుతుంది. తల్లి అదుపులో నగరంలో పెరిగిన అమ్మాయి మేనమామ పల్లెకు వెళ్ళి అక్కడి మనుషులను ఇష్టపడే ఈ కథను విజయనిర్మల గారు 1973లో సినిమాగా తీశారు. సినిమా చూసిన అమ్మమ్మలు మనవరాళ్ళ కోసం ఈ పుస్తకం తీసుకెళ్ళి, ముందు తామే చదువుకుని మరీ ఇస్తున్నారు.

హాస్యం కోరేవారికి ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు', మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం', మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'చంటబ్బాయ్' ఉన్నాయి. చరిత్ర ఇష్టమైతే అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' తీసుకోండి. భాష మొదట కొంచెం బరువుగా అనిపించినా, గన్నారెడ్డి గుర్రమెక్కిన తరువాత ఆ బరువు తెలియదు.

నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన వరుస కిందిది. అందులో బాల్యం గురించి పెద్దయ్యాక రాసిన కథలు ఉన్నాయి: సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కతలు', మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు', నామిని సుబ్రమణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా', స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు'. ఒకటి అల్లరి ఆడపిల్ల కళ్ళతో చూసిన మధ్యతరగతి ఇల్లు, ఒకటి నెల్లూరు సీమ ముస్లిం కుటుంబంలో పెరిగిన పిల్లవాడి లోకం, ఒకటి చిత్తూరు జిల్లా సేద్యపు కుటుంబం, ఒకటి పులికాట్ సరస్సు నడుమ ఉన్న లంకల జీవితం. నాలుగింటి తెలుగూ నాలుగు రకాలు. పాఠ్యపుస్తకం భాషే తెలుగు అనుకునే పిల్లలు వీటిని చదివాక, ఇది మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉందని ఆశ్చర్యపోతారు. కథలు చిన్నవి కనుక పరీక్షల రోజుల్లో కూడా రోజుకొకటి చదువుకోవచ్చు. ఈ వరుసలోనే డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' కూడా పెట్టాము. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళిన ఒక ముసలివాడు ఒక్క రాత్రిలో ఎదుర్కొన్నదంతా ఈ చిన్న నవల. ఇది జనరంజక నవలల కోవలోనిది కాదని కొందరు అనవచ్చు. కానీ ఏ సాహసగాథ చదివినప్పుడూ కలగనంత ఉద్వేగం దీన్ని చదివేటప్పుడు కలుగుతుంది, నా దృష్టిలో అదే అర్హత.

కొత్త పుస్తకాలు లేవా అని అడిగే కాలేజీ విద్యార్థులకు రవి మంత్రి గారి 'అమ్మ డైరీలో కొన్ని పేజీలు' సిద్ధంగా ఉంది; దాని కోసం వరుసలో ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాసి పెడుతున్నాము. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా), 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ కలిసి నిర్వహించిన పోటీల ద్వారా పిల్లల కోసం వచ్చిన పుస్తకాలను కూడా తెప్పించాము. ప్రవాసంలో ఉన్న తెలుగువారు ఈ పనికి చేయి కలపడం ఎంతో అభినందించవలసిన విషయం. ఆంగ్లంలో ఫాంటసీ నవలలు, జపాను బొమ్మల కథలైన మాంగా చదివే పిల్లలను నేను ఎప్పుడూ వారించను. చదివే అలవాటు ఉన్నవారిని తెలుగులోకి తీసుకురావడం తేలిక. బొత్తిగా చదవని వారిని తేవడమే కష్టం.

ఇక పద్ధతుల సంగతి. విద్యార్థులు ఇకపై డిపాజిట్ కట్టనవసరం లేదు. కాలేజీ లేదా పాఠశాల గుర్తింపు కార్డు చూపి, ఇంటి పెద్దల సంతకంతో సభ్యత్వం తీసుకుంటే చాలు. రోజు లెక్కన అద్దె తీసుకునే పద్ధతిని ముందు ర్యాకు వరకు ఆపివేసి, పుస్తకానికి వారానికి 15 రూపాయలు చేశాము, ఎందుకంటే రోజు లెక్క ఉంటే పిల్లలు మందపాటి పుస్తకం ముట్టుకోవడానికి భయపడుతున్నారు. పెద్దల విభాగంలో కొత్త నవలల అద్దె మాత్రం పెంచక తప్పలేదు. కాగితం, ముద్రణ ఖర్చులు పెరిగి పుస్తకాల ధరలు ఎక్కువయ్యాయి, షాపు కిరాయి కూడా పెరిగింది. ఈ పెంపు భారమేనని తెలుసు, కానీ పిల్లల విభాగంలో అద్దె తక్కువగా ఉంచగలిగేది దీనివల్లనే. ముద్రణలో లేని పాత ప్రతులను, ముఖ్యంగా వారపత్రికల నుంచి కత్తిరించి కుట్టించిన బైండింగులను, ఇకపై ఇంటికి ఇవ్వలేము. వాటి పేజీలు పొడిపొడిగా రాలుతున్నాయి. కిటికీ పక్కన రెండు బల్లలు వేయించాము. అక్కడ కూర్చుని అద్దె లేకుండా చదువుకోవచ్చు.

చివరగా ఒక అభ్యర్థన. ఇల్లు సర్దేటప్పుడు అటక మీది పాత చందమామలు, యువ, జ్యోతి పత్రికల సంచికలు, సీరియల్ బైండింగులు, అట్టలు ఊడిన డిటెక్టివ్ నవలలు కనిపిస్తే దయచేసి తూకానికి వేయవద్దు. మా షాపుకు కబురు చేయండి. గుంటూరు పట్టణంలో ఎక్కడైనా సరే మేమే వచ్చి చూసి, తగిన ధర చెల్లించి తీసుకుంటాము. ఏ సంచికలో ఏ సీరియల్ ఎన్నో భాగం ఉందో రాసి పెట్టుకున్న జాబితా ఒకటి మా దగ్గర ఉంది. దాసరి వారి సీరియళ్ళు వచ్చిన చందమామల్లో కొన్ని ఇంకా దొరకవలసి ఉన్నాయి. వేసవి సెలవుల్లో షాపు ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది. ఆదివారాలు కూడా సెలవు లేదు.