గంట చూసొస్తే ఊరు చూసినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా గురించి వచ్చిన వ్యాసం చదివాను. లిబర్టీ బెల్ అనే పగిలిన గంట, ఇండిపెండెన్స్ హాల్, ‘రాకీ’ సినిమా వల్ల పేరొచ్చిన ఆర్ట్ మ్యూజియం మెట్లు. అంతటితో ఊరు అయిపోయింది. రాసినదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే అది చదివి వచ్చేవాళ్లు ఏం చూస్తారో నాకు తెలుసు. అమ్మాయి దగ్గరికి వచ్చిన కొత్తలో మా అల్లుడు నాకు చూపించినవీ అవే. పగిలిన గంట ముందు క్యూ, ఒక ఫోటో, మళ్లీ కారు. నేను డ్రాయింగ్ టీచర్‌గా రిటైరయ్యాను. ఈ ఊళ్లో మూడంతస్తుల గోడల మీద కూడా బొమ్మలున్నాయి. అవి కారు అద్దంలోంచి ఇలా కనిపించి అలా వెళ్లిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ‘ఎవరు వేశారు బాబూ?’ అంటే, ‘ఏమో అత్తయ్యా, గవర్నమెంటు వాళ్లేమో’ అనేవాడు.

సంగతి చెప్పింది మా అమ్మాయి వాళ్ల పక్కింటావిడ. నల్లజాతి మనిషి, బళ్లో నర్సుగా చేసి రిటైరయింది. నేనూ బళ్లోనే పనిచేశానని తెలిశాక మాటలు కలిశాయి. నాది అంతంతమాత్రం ఇంగ్లీషు, ఆవిడది ఓపిక. ఒకరోజు ‘శనివారం ఖాళీయేనా? బొమ్మ వేయడానికి వెళ్దాం’ అంది.

వెళ్లింది గోడ దగ్గరికి కాదు, ఒక కమ్యూనిటీ హాలుకి. బల్లల మీద పల్చటి తెల్ల గుడ్డ ముక్కలు పరిచి ఉన్నాయి, ఒక్కోటి అయిదడుగుల చదరం. పారాచూట్ క్లాత్ అంటారు. ఆర్టిస్టు వేసిన బొమ్మను ముందే పెద్దది చేసి, ఆ ముక్కల మీద గీతలుగా దించి, ప్రతి గడిలో ఒక నంబరు వేస్తారు. ఏ నంబరుకి ఆ నంబరు రంగు కప్పుల్లో పోసి ఉంటుంది. కుంచె పట్టడం రానివాళ్లు కూడా వేయొచ్చు. ఆరాక ఆర్టిస్టులు దిద్ది, ఆక్రిలిక్ జెల్ పూసి ముక్కల్ని గోడకి అతికిస్తారు. దగ్గరికెళ్లి వెతికినా అతుకు కనపడదు. ఈ పద్ధతి వల్ల ఇంకో మేలు జరిగింది. ఖైదీలను గోడ దగ్గరికి తీసుకురాలేరు గానీ, గుడ్డను జైలుకి తీసుకెళ్లొచ్చు. కొన్ని బొమ్మల్లో అలా జైలులోని వాళ్ల చెయ్యి కూడా ఉంది.

నాకు ఇటుక ఎరుపు వచ్చింది. నా పక్కన అయిదో తరగతి పిల్ల. కాసేపు నా పని చూసి, ‘గీత దాటింది’ అని వేలు పెట్టి చూపించింది. జీవితమంతా పిల్లల చేత గీతలు దిద్దించిన మనిషిని, ఏమంటాను? దిద్దుకున్నాను.

ఇదంతా 1984లో మొదలైంది. గోడల మీద పిచ్చిరాతలు ఆపించాలని అప్పటి మేయర్ విల్సన్ గూడ్ ఒక కార్యక్రమం పెట్టారు. రాసే కుర్రాళ్లతో మాట్లాడడానికి జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణిని తీసుకున్నారు. ఆవిడ వాళ్ల చేతికి కుంచెలిచ్చి గోడలు అప్పజెప్పింది. గోడబొమ్మలు వేయించే ఇప్పటి మ్యూరల్ ఆర్ట్స్ సంస్థ అదే. ఇప్పటికి వేసినవి 4,000 దాటాయి. వెస్ట్ ఫిలడెల్ఫియాలో పైన వంతెన మీద వెళ్లే రైలెక్కితే, స్టీవ్ పవర్స్ 2009లో వేయించిన ప్రేమలేఖ ఒక్కో గోడకి ఒక్కో వాక్యంగా కిటికీలోంచి చదువుకోవచ్చు. ఆయనా ఒకప్పుడు గోడల మీద దొంగచాటుగా రాసినవాడే. దానికి టూరు అక్కర్లేదు, మామూలు రైలు టికెట్ చాలు.

ఈ మాత్రం సమాచారం ఏ బ్రోచర్‌లోనైనా దొరుకుతుంది. పక్కింటావిడ చెప్పింది మాత్రం దొరకదు. బొమ్మ వేసే ముందు వీధివాళ్లను పిలిచి మీటింగ్ పెడతారు. వాళ్ల వీధి మీటింగుల్లో అయితే పెద్ద రగడే జరిగిందట. పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పిన ముసలాయన బొమ్మ వేయాలని సగం మంది, చనిపోయిన వాళ్ల బొమ్మలు ఇప్పటికే చాలు, చెట్లు వేయండని సగం మంది. చివరికి ఆయన్ని చెట్టు కింద కూర్చోబెట్టారు. ఆవిడకి అది ఇప్పటికీ నచ్చలేదు. ‘ఆయన ఎప్పుడైనా కూర్చోగా చూశామా?’ అంటుంది. ఇంకో కోపం కూడా ఉంది. బొమ్మలు వచ్చాక వీధికి పేరొస్తుంది, పేరొచ్చాక బిల్డర్లు వస్తారు, పక్క ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్ లేచి బొమ్మనే మూసేస్తుంది. జాజ్ సంగీతకారుడు జాన్ కోల్ట్రేన్ 1950ల్లో ఈ ఊళ్లోనే ఉండేవాడు. ఆయన ఇంటికి దగ్గర్లో వేసిన బొమ్మ 2014లో కొత్త కట్టడాల కోసం కూలగొట్టిన గోడతో పాటే పోయింది. తర్వాత వేరే గోడ మీద ఇంకొకటి వేశారు. ‘ఇంకొకటి వేశారుగా’ అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు.

ఇంకో మనిషి హీటర్ బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్. తెల్లాయన, సౌత్ ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగాడు, మమ్మర్స్ స్ట్రింగ్ బ్యాండ్‌లో శాక్సఫోన్ వాయిస్తాడు. జనవరి 1న బ్రాడ్ స్ట్రీట్ మీద రంగురంగుల ఈకలు, జిగేల్మనే దుస్తులు వేసుకుని సాగే ఊరేగింపు వాళ్లది. నగరపాలక సంస్థ 1901 నుంచి దాన్ని అధికారికంగా జరిపిస్తోంది. స్ట్రింగ్ బ్యాండ్లలో బాంజోలు, శాక్సఫోన్లు, అకార్డియన్లు, డ్రమ్ములు ఉంటాయి గానీ ట్రంపెట్, ట్రాంబోన్ లాంటివి వాడరు. వాయించేది కార్పెంటర్లు, డ్రైవర్లు, ఇలాంటి ప్లంబర్లు. ఒక్క రోజు కోసం ఏడాదంతా రిహార్సల్సే. అడిగితే ఒక సాయంత్రం మమ్మల్ని క్లబ్బుకి రమ్మన్నాడు. అడుగులు తప్పినవాణ్ని కెప్టెన్ తిట్టడం, అతను నవ్వుతూనే మళ్లీ మొదటికి రావడం చూస్తుంటే మా స్కూల్ వార్షికోత్సవం గుర్తొచ్చింది. సంబరంగా వచ్చి పక్కింటావిడకి చెప్పాను.

ఆవిడ ముఖం మారిపోయింది. ఆ ఊరేగింపులో తెల్లవాళ్లు మొహాలకి నల్లరంగు పూసుకుని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లు, 1964లో నిషేధించాకా మానని వాళ్లున్నారు, మా ఇంట్లో ఎవరం చూడటానికి పోము అంది. ప్లంబర్‌ని మళ్లీ కలిసినప్పుడు ఇది అడిగాను. తప్పించుకోలేదు. అలాంటివాళ్ల వల్ల మా అందరికీ తలవంపులు, కానీ మా తాత వాయించిన బ్యాండ్‌ని నేనెలా వదులుకుంటాను అన్నాడు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే, ఇద్దరి మాటా నిజమే. ఒక్కరినే అడిగి ఉంటే నాకు సగం ఊరే తెలిసేది. అందుకే గైడ్ చెప్పే తీపి కథల మీద నాకు గురి తగ్గింది. టిప్పు ఇవ్వబోయే మనిషితో వాళ్లు మాత్రం ఇలాంటి మాటలు ఎందుకు మాట్లాడతారు?

నా వృత్తి కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ ఫ్లైషర్ అనే ఆర్ట్ స్కూల్ ఉంది. ఊలు దారం మిల్లుల కుటుంబానికి చెందిన శామ్యూల్ ఫ్లైషర్ 1898లో పేద, వలస కుటుంబాల పిల్లలకి ఉచితంగా బొమ్మలు నేర్పించడానికి పెట్టాడు. ఇప్పటికీ నడుస్తోంది. ఆయన తమ్ముడు ఎడ్విన్ సేకరించిన ఆర్కెస్ట్రా స్వరలిపుల భాండాగారం ఊరి లైబ్రరీలో ఉంది, ప్రపంచం నలుమూలల ఆర్కెస్ట్రాలకి అరువిస్తారు. మీ వ్యాసంలో ఈ అన్నదమ్ముల ఊసే లేదు.

నేను అడిగేది చిన్న కోరిక. ఏ ఊరి గురించి వేసినా, చూడాల్సిన స్థలాల పక్కన ఆ ఊళ్లో ఉంటూ ఏదో ఒక కళలో చెయ్యి పెట్టిన ఇద్దరి మాటలు వేయండి. ఒకరివి కాదు, ఇద్దరివి, వీలైతే ఒకరి మాట ఒకరికి పడనివాళ్లవి. అక్కడున్న తెలుగువాళ్లతోనే సరిపెట్టకండి. మా అల్లుడు ఈ ఊళ్లో ఎన్నో ఏళ్లుగా ఉంటున్నాడు, ఆఫీసు దారి, ఇండియన్ స్టోర్ దారి తప్ప తెలియదు పాపం. విజిటర్ వీసా మీద వచ్చి పగలంతా తలుపులేసుకుని టీవీ ముందు కూర్చునే నాలాంటి తల్లిదండ్రులు వేలల్లో ఉంటారు. వాళ్లకి రిహార్సల్ ఏ రోజుల్లో ఉంటుంది, బొమ్మలు వేసే రోజుకి పేరెలా ఇవ్వాలి, ఓల్డ్ సిటీ పేటలో ప్రతి నెలా మొదటి శుక్రవారం సాయంత్రం గ్యాలరీలు తెరిచి ఉంచుతారని, ఇలాంటివి చెప్పండి. ఫోటో తీసే ముందు మనిషిని అడగమని కూడా రాయండి, మనవాళ్లు అడగరు.

పెయింట్ డే గురించి వేస్తే మంచి చీర కట్టుకుని రావద్దని మర్చిపోకుండా వేయండి. ఆక్రిలిక్ రంగు ఒకసారి ఆరిందంటే ఏ సబ్బుకీ లొంగదు.

– ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్, ప్రస్తుతం ఫిలడెల్ఫియా