మూడో రోజే ఫోన్ చేయాలి

సంపాదకులకు,

పాలిటెక్నిక్ మొదటి ఏడాదిలో పిల్లలు ఒక్కసారిగా మానేయరు. ముందు మొదటి పీరియడ్ ఎగ్గొడతారు, ఆపైన ల్యాబ్ రికార్డు ఇవ్వరు. 75 శాతం హాజరు లెక్క పరీక్ష ఫీజు వేళ తీస్తే అప్పటికే చేయి దాటిపోతుంది. వరసగా మూడు రోజులు రాకపోతే లెక్చరరే ఫోన్ చేయాలి. ‘ఎందుకు రాలేదు’ అని కాదు, ‘ఏ లెక్క దగ్గర ఆగావు’ అని. తెనాలి నుంచి గుంటూరు వచ్చేవాళ్లకు బండి ఆలస్యమైతే పోయేది మొదటి పీరియడే; గణితం అక్కడ పెట్టడమేమిటో! తెలుగు మీడియం పిల్లలకు ‘డెరివేటివ్’ పక్కన ‘మార్పు రేటు’ అని బోర్డు మీద రాయండి. పది నిమిషాల స్లిప్ టెస్ట్ పెట్టి, పేపర్లు మర్నాడే ఇవ్వాలి. మైనస్ గుర్తు తప్పిన వరస కింద గీత గీస్తే చాలు, సున్నా చుట్టక్కర్లేదు.

- ఒక లెక్చరర్, గుంటూరు