ఇంట్లో 16 ఏళ్ల డ్రైవర్ ఉన్న మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మా ఏజెన్సీలో కారు ఇన్సూరెన్స్ తీసుకున్న చాలా ఇళ్లలో పిల్లలు ఇంచుమించు ఒకేసారి స్టీరింగ్ పట్టే వయసుకొచ్చారు. దాంతో ఈ వేసవిలో వచ్చిన ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలయ్యాయి: “అన్నా, వాణ్ణి చేర్చగానే బిల్లు ఇంతైందేంటి?” ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నదే ఇక్కడ అందరికీ రాస్తున్నాను. కొన్ని మాటలు మీకు నచ్చకపోవచ్చు.

ముందు అసలు సంగతి. టీనేజ్ పిల్లలు చేరితే ప్రీమియం పెరగకుండా ఆపగలిగే ఏజెంట్ టెక్సస్‌లో లేడు. మైలుకింత అని లెక్కేస్తే, 16 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ప్రాణాలు పోయే ప్రమాదాలు 20 దాటినవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు. కంపెనీలు ఆ లెక్క చూసే రేటు వేస్తాయి. మగపిల్లలకు సాధారణంగా ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మనవాడు నెమ్మదస్తుడని మీకూ నాకూ తెలుసు, కంపెనీకి తెలియదుగా. పెరిగే మొత్తాన్ని ఎంతవరకు తగ్గించగలం అన్నదే మన చేతిలో ఉంది.

ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. మాకు వచ్చేది ప్రీమియంలో శాతం. మీ బిల్లు పెరిగితే మా కమీషనూ పెరుగుతుంది. అందుకే నేను “కవరేజీ పెంచుకోండి” అంటే మీకు అనుమానం రావడంలో తప్పులేదు. ఈ మధ్య నుంచి పిల్లలున్న ఇళ్లకు కొటేషన్ పక్కపక్కన రెండు రకాలుగా పంపుతున్నాను. మీరు అడిగింది ఒకవైపు, నేను చెప్పేది ఒకవైపు. తేడా ఎంతో మీరే చూసుకోవచ్చు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: “అసలు పేరు చేర్చకపోతే ఏమవుతుంది?” వాడు బండి ముట్టుకోడు, లైసెన్స్ ఊరికే తీసుకున్నాం అంటారు. ఎవరు నడుపుతారు అని మాత్రమే కంపెనీ అడగదు. ఇంట్లో డ్రైవింగ్ వయసొచ్చినవాళ్లు ఎవరెవరున్నారని అడుగుతుంది. మీరు రాయకపోయినా, ఫలానా అడ్రస్‌లో కొత్త లైసెన్స్ వచ్చిందన్న సంగతి వాళ్ల డేటాబేసుల్లోకి ఎప్పుడో ఒకప్పుడు చేరుతుంది. అప్పుడు పాత తేదీ నుంచి ప్రీమియం కట్టమనొచ్చు, ఇక రెన్యూవల్ చేయబోమని చెప్పొచ్చు. అంతకుముందే యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. మీరు సంతకం పెట్టిన కాగితం మీద మీ అబ్బాయి పేరు లేకపోతే ఆ ప్రశ్నలకు నా దగ్గర కూడా జవాబు ఉండదు.

దీనికి చట్టబద్ధమైన దారి ఒకటుంది, 515ఎ అనే ఎక్స్‌క్లూజన్ ఫారమ్. ఫలానా వ్యక్తి మా కార్లు నడపడు అని మీరు రాసిస్తారు, ప్రీమియం పెరగదు. కానీ సంతకం పెట్టాక ఆ పిల్లాడు తాతగారి మందుల కోసం వీధి చివర ఫార్మసీకి వెళ్లి ఎవరినైనా గుద్దినా పాలసీ నుంచి పైసా రాదు. పిల్లాడు నిజంగా నడపని ఇంటికే ఈ ఫారమ్. తాళాలు వంటింటి కౌంటర్ మీద పడేసి ఉండే ఇంటికి నేనైతే వద్దంటాను.

డబ్బు మిగిలే చోట్లకు వద్దాం. అన్నిటికంటే పెద్దది, పిల్లాడి చేతికి ఏ కారు ఇస్తారన్నది. పుట్టినరోజుకి కొత్త టెస్లా కొనిచ్చి ఇన్సూరెన్స్ తగ్గించమంటే నేనేం చేయగలను? రిపేరు ఖర్చు ఎక్కువున్న బండి, అనుభవం లేని డ్రైవర్, ఈ రెండూ కలిసినచోట రేటు ఆకాశంలో ఉంటుంది. పాతదైనా భద్రతలో మంచి పేరున్న క్యామ్రీ, అకార్డ్ లాంటి సెడాన్ చూడండి. లోన్ లేని పాత కారైతే కొలీజన్, అంటే గుద్దుకున్నప్పుడు మీ కారుకే డబ్బిచ్చే కవరేజీ, తీసేయడం గురించి ఆలోచించొచ్చు. 5,000 డాలర్లు చేసే బండికి 1,000 డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరు భరించే మొత్తం) పోతే చేతికొచ్చేది 4,000. దానికోసం టీనేజ్ రేటుతో ఏటా ఎంత కడుతున్నారో పక్కన రాసుకుంటే నిర్ణయం తేలిగ్గా తేలిపోతుంది.

కొలీజన్‌తోపాటు కాంప్రహెన్సివ్ కూడా తీసేయమని కొందరు అడుగుతున్నారు. అది మాత్రం చేయకండి. మనం ఉన్నది డాలస్‌లో. వసంతకాలంలో వడగళ్లు పడ్డ మర్నాడు మన వీధుల్లో కార్ల బానెట్లు ఎలా ఉంటాయో మీరు చూసే ఉంటారు. వడగళ్లకు, దొంగతనానికి డబ్బు వచ్చేది కాంప్రహెన్సివ్ నుంచే. పిల్లాడు చేరినందుకు అది పెద్దగా పెరగదు కూడా.

ముగ్గురు డ్రైవర్లు, మూడు కార్లు ఉన్న ఇంట్లో కంపెనీ ఎవరిని ఏ కారుకు కడుతుందన్నది మరో మెలిక. కొన్ని కంపెనీలు పిల్లాణ్ణి పాత కారుకు రాయనిస్తాయి. కొన్ని మనల్ని అడక్కుండానే ఖరీదైన బండికి కట్టేస్తాయి. అవే వివరాలిచ్చినా కంపెనీకీ కంపెనీకీ బాగా తేడా వచ్చేది ఇక్కడే. కాబట్టి పిల్లాడు చేరే ముందు నాలుగు చోట్ల రేటు చూడమని నన్ను మొహమాటం లేకుండా అడగండి.

గుడ్ స్టూడెంట్ డిస్కౌంట్ గురించి చెబితే మన తల్లిదండ్రులకు నవ్వొస్తుంది. చాలా కంపెనీలు అడిగేది బి సగటు, అంటే 3.0 జీపీఏ. మన పిల్లల మార్కులు ఏ వాట్సాప్ గ్రూపులో అడిగినా చెబుతారు, నాకు మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్ పంపరు! కాగితం చేరకపోతే డిస్కౌంట్ పడదు. ఒకసారి పంపితే సరిపోదు, కంపెనీ అడిగినప్పుడల్లా కొత్తది కావాలి. కాలేజీలో ఫుల్‌టైమ్ చదువుతున్నా ఇది వర్తిస్తుంది. డ్రైవర్ ఎడ్యుకేషన్ పూర్తయ్యాక ఇచ్చే డీఈ-964 సర్టిఫికెట్ కాపీ కూడా ఉంచుకోండి, కొన్ని కంపెనీలు దానికీ తగ్గిస్తాయి.

కాలేజీకి వెళ్లిన పిల్లల విషయంలో సాధారణంగా 100 మైళ్ల నియమం ఉంటుంది. కారు ఇంట్లోనే వదిలి ఆస్టిన్‌కో కాలేజ్ స్టేషన్‌కో వెళితే తగ్గింపు దొరుకుతుంది. రిచర్డ్‌సన్‌లో యూటీడీ, డెంటన్‌లో యూఎన్‌టీ అయితే హాస్టల్లో ఉన్నా దొరకదు. దూరం చాలదు.

ఫోన్ యాప్‌తో డ్రైవింగ్ గమనించే పథకాల గురించి నాకు సగం మనసే ఉంది. జాగ్రత్తగా నడిపే పిల్లలకు నిజంగానే లాభం. అయితే కొన్ని కంపెనీలు స్కోరు బాగుంటే తగ్గించి ఊరుకుంటాయి, ఇంకొన్ని బాగాలేకపోతే పెంచుతాయి కూడా. ఏ రకమో కనుక్కోకుండా చేరకండి. స్నేహితుడి కారులో పక్క సీట్లో కూర్చున్న ట్రిప్పు కూడా మీవాడి ఖాతాలో పడొచ్చు. యాప్‌లోకి వెళ్లి “నేను ప్యాసింజర్‌ని” అని మార్చడం నేర్పండి.

పిల్లాడి పేరు మీద విడిగా పాలసీ తీస్తే చవకవుతుందా అని కూడా అడుగుతున్నారు. దాదాపు ఎప్పుడూ అవదు. మల్టీ కార్ డిస్కౌంటూ ఉండదు, మీ పాత రికార్డు సాయమూ ఉండదు.

ఇప్పుడు మా ఏజెన్సీ తీసుకున్న నిర్ణయం. టెక్సస్ చట్టం అడిగే కనీస లయబిలిటీ (తప్పు మనదైతే ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే కవరేజీ) 30/60/25. గాయపడిన ఒక మనిషికి 30,000 డాలర్లు, ఒక యాక్సిడెంట్‌లో గాయపడినవాళ్లందరికీ కలిపి 60,000, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 25,000. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే కొత్త పికప్ ట్రక్కును నుజ్జు చేస్తే ఆ 25,000 దానికే చాలదు. టీనేజ్ డ్రైవర్ ఉన్న ఇంటికి ఈ కనీస పాలసీ ఇక నేను రాయను, 100/300/100 నుంచే మొదలుపెడతాను. కొందరు కస్టమర్లు వెళ్లిపోతారని తెలుసు. కనీస పాలసీ ఆన్‌లైన్‌లో నిమిషాల్లో దొరుకుతుంది, అక్కడ తీసుకుంటే నాకు కోపమేం లేదు. ఖర్చు తగ్గాలంటే డిడక్టబుల్ 500 నుంచి 1,000కి పెంచుదాం, లయబిలిటీ జోలికి మాత్రం వెళ్లొద్దు. డెంట్ పడితే మీ జేబులోంచి ఇంకో 500 పోతుంది, అంతే. ఎదుటివాళ్ల ఆసుపత్రి బిల్లు అలా కాదు.

డాన్స్ క్లాసుకి కార్‌పూల్ పెట్టుకునే తల్లులకో మాట. ప్రొవిజనల్ లైసెన్స్ (లెర్నర్ తర్వాత 18 లోపు పిల్లలకు ఇచ్చేది) మీద 18 నిండేదాకా, ఇంటివాళ్లు కాకుండా 21 లోపు వాళ్లు ఒక్కరికి మించి కారులో ఉండకూడదు. అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా స్కూలు పనో, ఉద్యోగమో, ఆసుపత్రి అవసరమో ఉంటే తప్ప నడపకూడదు. పోలీసు టికెట్ పడితే ఇప్పటిదాకా చెప్పిన డిస్కౌంట్లన్నీ కలిపినా ఆ పెరుగుదలకు సాటిరాకపోవచ్చు.

15 ఏళ్లకు లెర్నర్ లైసెన్స్ వచ్చినప్పుడే ఒక మెసేజ్ పెట్టండి. చాలా కంపెనీలు ఆ దశలో ఏమీ వసూలు చేయవు, కానీ చెప్పి ఉండాలి. లెర్నర్‌కీ ప్రొవిజనల్‌కీ మధ్య కనీసం ఆరు నెలలు ఉంటాయి కాబట్టి రేట్లు చూడటానికి నాకు తీరిక దొరుకుతుంది. శుక్రవారం సాయంత్రం డ్రైవింగ్ టెస్ట్ పాసై, శనివారం పొద్దున్నే కారు కావాలని ఫోన్ చేస్తే ఉన్న కంపెనీలోనే చేర్చడం తప్ప ఇంకేం చేయలేను. మెసేజ్‌తోపాటు మార్కుల కాగితం, మీ ప్రస్తుత డిక్లరేషన్ పేజీ (కవరేజీలు, ప్రీమియం రాసి ఉండే పాలసీ పేజీ) ఫొటో పంపండి. ఆగస్టు నెలంతా జవాబు రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఆఫీసులో ఉన్నది నేనూ, మా ఆవిడా మాత్రమే.